ఊరికి పోయిండు

కంపెనీ వదిలి పారిపోయాడని కేసు పడ్డ నాటి నుంచీ నర్సింగ్ ఒక్కపూట కూడా డ్యూటీ ఎగ్గొట్టలేదు. కిందటి వారం మనం అతణ్ణి వదిలిపెట్టిన మెలిక అదే. ఖతర్‌లోనే ఒక కొత్త కంపెనీలో, స్లాబుకి చెక్కలు బిగించే షట్టరింగ్ ఫోర్‌మన్ ఉద్యోగం దొరికింది. కంపెనీ మారే పని మీద గురువారం డ్యూటీ దిగాక ప్రభుత్వ సర్వీస్ సెంటర్‌కి వెళితే, కౌంటర్లో ఉన్నాయన స్క్రీన్ వంక చూసి, నర్సింగ్ మొహం వంక చూసి, మళ్ళీ స్క్రీన్ వంక చూసి, "నువ్వు పరారీలో ఉన్నావు కదా!" అన్నాడు. పాత కంపెనీ కేసు పెట్టి నెల దాటిందట. ఆ నెలంతా నర్సింగ్ ఆ కంపెనీ బస్సే ఎక్కాడు, ఆ కంపెనీ క్యాంపులోనే పడుకున్నాడు, ఆ కంపెనీ మెస్సులో పప్పు నీళ్ళలా ఉందని తగువు కూడా పెట్టుకున్నాడు.

"ఇక్కడే కూర్చో" అని కౌంటర్ ఆయన లోపలికి వెళ్ళాడు. నర్సింగ్ కూర్చోలేదు. బయటపడి, దొరికిన ట్యాక్సీ ఎక్కి, ఓల్డ్ ఎయిర్‌పోర్టు పేటలో ప్రమీల వంటపని చేసే ఇంటి తలుపు కొట్టాడు. ప్రమీల అతని చిన్నమ్మ కూతురు. తలుపు తీసి, తమ్ముడి మొహం చూసి, ఏమీ అడక్కుండా లోపలికి లాగింది.

శుక్రవారం గడిచింది. ఇవాళ శనివారం. నర్సింగ్ వంటగదిలో స్టూలు మీద కూర్చుని, తన మీద కేసు పెట్టించిన వాడి పేరు వెతుక్కుంటున్నాడు. ఎంత వెతికినా ఒక్క పేరే తగులుతోంది. చిరంజీవి. క్యాంప్ బాస్. పక్క ఊరివాడే. పాతికమంది ఫోర్‌మన్లు చెయ్యలేని పని నర్సింగ్ ఒక్కడు చేస్తాడని నలుగురిలో మెచ్చుకునే వాడు. అలాంటి వాడికి నర్సింగ్ వెళ్ళిపోతున్నాడని తెలిస్తే కడుపు మండదా?

"వాడే," అన్నాడు పైకి. "వాడేనే అక్కా."

"ఎవడన్న గానీ, ముందుగాల తిను," అంది ప్రమీల. "కడుపుల ఏం లేకుంటే బుర్రల అన్నీ గట్లనే తిరుగుతయి."

హాల్లో ఇంటాయన సిద్ధార్థ్ కిటికీ తెర పక్కకు జరిపి కింద పార్కింగ్ చూస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఎన్నిసార్లు చూశాడో. ఏసీ గొట్టాలు డిజైన్ చేసే ఆఫీసులో పని ఆయనకి. జీవితంలో ఒక్కసారి కూడా ఎర్ర లైటు దాటని మనిషి.

"చరితా," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. ఆ ఇంట్లో గొంతు తగ్గిస్తే వంటగదిలోకి ఇంకా బాగా వినిపిస్తుంది. "నాకు అతని మీద కోపం లేదు. కానీ పరారీలో ఉన్నవాణ్ణి ఇంట్లో పెట్టుకోవడం మనకి నేరం. నా వీసా, నీ వీసా, పిల్ల స్కూలు, అన్నీ దీనికి ముడిపడి ఉన్నాయి. సాయంత్రంలోపు ఏదో ఒకటి తేల్చు."

"తేలుస్తాను. లింబాద్రి వస్తున్నాడు."

"ఎవరతను?"

"నర్సింగ్ గారి రూమ్మేట్. పై మంచం అతనిదే."

చరిత అబూ హమూర్‌లో ఒక ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతికి సోషియాలజీ చెబుతుంది. నేరం, దారి తప్పిన ప్రవర్తన, వాటికి సమాజం పెట్టే పేర్లు - ఇది ఆమె పాఠం. కిందటేడు ఏదో వ్యాసం కోసం ప్రమీల ద్వారా నర్సింగ్‌ని పిలిపించి గంటసేపు మాట్లాడింది. "మీ క్యాంపులో నేరాలు చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే నర్సింగ్ నవ్వాడు. "మా రూముల అసొంటోళ్లు లేరు మేడం" అన్నాడు ధీమాగా. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి అతను స్టూలు గోడ వైపుకి జరుపుకున్నాడు.

లింబాద్రి చేతిలో ప్లాస్టిక్ కవరుతో వచ్చాడు. కవర్లో నర్సింగ్ లుంగీ, రెండు చొక్కాలు, బీపీ గోలీలు ఉన్నాయి. సైటుకి సిక్ అని చెప్పి వచ్చాడట. సిక్ అయినట్టే ఉన్నాడు కూడా. సోఫా చూసి దాని మీద కూర్చోలేదు. కింద కార్పెట్ మీద కూలబడ్డాడు. నర్సింగ్ వంటగదిలోంచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, గిట్లయిపోయినవేందే. గడ్డం గీసుకోవద్దా? పరారీ అంటే గిట్లనే ఉండాల్నని రూలున్నదా?"

నర్సింగ్‌కి నవ్వు రాలేదు. "లింబాద్రీ, సూటిగ చెప్పు. చిరంజీవేనా?"

"చిరంజీవికి కేసు సంగతే తెల్వది."

"మరి ఎవలు?"

లింబాద్రి ప్రమీల ఇచ్చిన చాయ్ కప్పులోకి చూశాడు. అందులో ఏదో పడ్డట్టు చాలాసేపు చూశాడు.

"మేమే బావా."

వంటగది గుమ్మంలో ప్రమీల చేతిలో గరిటె ఆగిపోయింది.

"మేమే అంటే?"

"రూమోళ్ళం. అందరం. నేనే ముందుగాల." లింబాద్రి కప్పు కింద పెట్టాడు. "నెల కింద ఒక శుక్రారం నువ్వు పొద్దుగాలనే తయారై ఏడికో పోయినవ్ జూడు. నువ్వు గట్ల పోయినవో లేదో, హెడ్డాఫీసు నుంచి ఒకడు చెకింగుకు అచ్చిండు. మంచాలు చూసుకుంట అచ్చిండు. గీ మంచం ఎవలిది అన్నడు. నర్సింగ్‌ది అన్న. ఏడికి పోయిండు అన్నడు."

"ఏమన్నవ్?"

"నువ్వు నేర్పిందే అన్న బావా. సెలవు మీద ఊరికి పోయిండు అన్న."

నర్సింగ్ కవరు ఒళ్ళోకి లాక్కున్నాడు.

చరితకి అర్థం కాలేదు. "నేర్పిందేమిటి?"

లింబాద్రే చెప్పాడు. చాలా ఏళ్ళ కింద ఆ రూములో బుర్హానుద్దీన్ అని మెట్‌పల్లి మేస్త్రీ ఉండేవాడు. శుక్రవారాలు బయట కార్లు కడిగేవాడు. కంపెనీ వీసా మీద ఉండి బయట పని చెయ్యడం తప్పే. కానీ క్యాంపులో శుక్రవారం బయట పని చెయ్యని వాడెవడు? ఒకాయన ఎవరింట్లోనో బిర్యానీ వండుతాడు, ఒకాయన పెయింటింగు వేస్తాడు, ఒకాయన బట్టలు కుడతాడు. ఒక రోజు చెకింగ్ వచ్చి బుర్హానుద్దీన్ ఎక్కడని అడిగితే, రూములో ఒక అమాయకుడు "కార్లు కడుగ పోయిండు సార్" అన్నాడు. వారం తిరక్కుండా బుర్హానుద్దీన్‌ని విమానం ఎక్కించారు. ఆ రోజు రాత్రి రూములో అన్నం ఎవరూ ముట్టలేదు. అప్పుడు నర్సింగ్, అందరిలో పెద్దవాడు గనక, నిలబడి చెప్పాడు. ఇయ్యాల్టి నుంచి రూముల ఎవడు లేకున్నా, ఎవడు అడిగినా, అందరి నోట ఒక్కటే మాట. సెలవు మీద ఊరికి పోయిండు. ఇంకో మాట రావద్దు. కొత్తవాడు ఎవడొచ్చినా మంచం చూపించక ముందే ఆ మాట నేర్పేవాళ్ళు.

"గా మాటతోని ఎంతమందిని కాపాడినవ్ బావా నువ్వు," అన్నాడు లింబాద్రి. "చెకింగోడు తలకాయ ఊపి పోయేటోడు. ఎవడు పట్టించుకున్నడు? గీ చెకింగోడు మాత్రం ఫోన్ తీసిండు. నీ ఐడీ నంబరు కొట్టి చూసిండు. సెలవు లేదు, దేశం దాటలేదు అన్నడు. పక్క మంచపోన్ని అడిగిండు. వాడూ గదే అన్నడు. తలుపు కాడ ఉన్నోన్ని అడిగిండు. వాడూ గదే. ఊరికి పోలేదు, రూముల లేడు, అందరు కలిసి అబద్ధం చెప్తున్నరు. గట్లయితే పారిపోయిండు అని రాసుకున్నడు. పోయిండు."

"నేను మాపటికి అచ్చి నా మంచంలనే పన్నగదరా!" నర్సింగ్ లేచి నిలబడ్డాడు. "ఎన్కకు పోయి చెప్పద్దా, మనిషి అచ్చిండని?"

"ఎవలికి చెప్పాలె? హెడ్డాఫీసు సంగతి క్యాంపుకు తెల్వది, క్యాంపు సంగతి సైటుకు తెల్వది. తెల్లారి నువ్వు డ్యూటీకి పోయినవ్, గేట్ల కార్డు కొట్టినవ్. అంతా మంచిగనే ఉన్నది అనుకున్నం."

"నాకన్న చెప్పద్దారా?"

"చెప్తే, గా దినం ఏడికి పోయినవని అడుగవడ్తది." లింబాద్రి మొదటిసారి తలెత్తాడు. "నువ్వు చెప్పకుంట పోయినవ్. చెప్పకుంట పోయినోన్ని అడుగద్దని గూడ నువ్వే నేర్పినవ్. ఇప్పుడడుగుతున్న. ఏడికి పోయినవ్ బావా?"

నర్సింగ్ కార్పెట్ అంచు వైపు చూశాడు.

"కొత్త కంపెనీల టెస్టుకు పోయిన."

"గదా? గంతేనా?"

"గంతే."

లింబాద్రి చాయ్ కప్పు దూరం జరిపాడు. "బయట పనికి పోయినవేమో అనుకున్న. తప్పు పని చేస్తున్నవని, నిన్ను దాయాల్నని అబద్ధమాడిన. టెస్టుకు పోవుడు దాసే ముచ్చటేనా? పోతున్నరా లింబాద్రీ అంటే, టెస్టుకు పోయిండు సార్ అందును."

"చిరంజీవి చెవుల పడ్తదేమోనని..."

"నేను చిరంజీవికి చెప్తనా?" గొంతు పెరిగింది. "ఎన్నేండ్ల సంది నీ నెత్తి మీద పండుకుంటున్న బావా నేను? మమ్ముల ఇడిసిపెట్టి పోతా పోతా ఒక్క మాట చెప్పాల్ననిపియ్యలే నీకు."

నర్సింగ్ పొద్దుటి నుంచీ మనసులో ఒక శత్రువుని కూర్చోబెట్టుకుని, అతనితో కొట్లాడుతూ ఉన్నాడు. ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీ అయింది. తిట్టడానికి ఎవరూ లేరు. కళ్ళముందు ఉన్నది తన బీపీ గోలీలు మర్చిపోకుండా తెచ్చిన మనిషి.

"మేడం," అన్నాడు చరిత వైపు తిరిగి. "నాకు సమజైతలేదు. నేను పారిపోలేదు. వీడు మోసం చెయ్యలేదు. చిరంజీవి పగవట్టలేదు. మరి కేసు ఎట్ల పడ్డది? తప్పెవలిది?"

చరిత క్లాసులో అయితే బోర్డు మీద రాసి చూపించేది. మనిషి చేసిన పనికీ, ఆ పనికి బయటివాళ్ళు పెట్టిన పేరుకీ మధ్య ఎంత దూరం ఉంటుందో పిల్లలకి గీత గీసి చెప్పేది. ఆ గీత మీద నిలబడిన మనిషి ఇలా లుంగీ కవరు పట్టుకుని ఎదురుగా ఉంటాడని ఎప్పుడూ అనుకోలేదు.

"ఒకటి మాత్రం చెప్పగలను నర్సింగ్ గారూ. గురువారం దాకా మీరు పరారీ కాదు. స్క్రీన్ మీద తప్ప ఎక్కడా కాదు. ఆ కౌంటర్ దగ్గర నుంచి తప్పుకుని వచ్చారు చూడండి, క్యాంపుకి వెళ్ళకుండా ఇక్కడికి వచ్చారు చూడండి, అప్పుడయ్యారు. ముందు పేరు పెట్టారు. ఆ పేరుకి భయపడి, మీరే దాన్ని నిజం చేశారు."

"అంటే ఆన్నే కూసుంటే మంచిగుండునా?"

"కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది?" అన్నాడు సిద్ధార్థ్ అనుకోకుండా. అందరూ అతని వైపు చూశారు. అతను మళ్ళీ తెర సర్దుకున్నాడు.

చరిత ముందుకు వంగింది. "దారి ఒకటే. శుక్ర, శనివారాలు సెలవు, రేపు ఆదివారం ఆఫీసులు తెరుస్తారు. లింబాద్రి గారు మనతో వచ్చి, ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు, నర్సింగ్ ఎక్కడికీ పోలేదు, నెలంతా మా రూములోనే ఉన్నాడు అని చెప్పాలి. గేట్లో కార్డు కొట్టిన హాజరు ఉంది. అది చూపిస్తే కేసు నిలవదు."

"ఒక్క నిమిషం," అన్నాడు సిద్ధార్థ్. "అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టే కదా అది? అప్పుడు కేసు లింబాద్రి మీద పడుతుంది. నర్సింగ్‌ని కాపాడాలంటే ఇతను నేరస్థుడు అవ్వాలి."

"మరి గీ ఇంట్ల నేరం చెయ్యనోళ్ళు ఎవలున్నరు సారూ?" అంది ప్రమీల గరిటె ఊపుతూ. "వాడు అబద్ధమాడిండు. వీడు ఉరికిండు. నేను తలుపు తీసిన. మేడం దాసింది."

"నేనున్నాను," అన్నాడు సిద్ధార్థ్.

"మీరు పొద్దుగాల తమ్మునికి మీ చేతులతోని చాయ్ ఇచ్చిన్రు గద సారూ."

లింబాద్రి ముందు నవ్వాడు. తర్వాత నర్సింగ్‌కి కూడా, రెండు రోజుల తర్వాత, పెదవి కొంచెం కదిలింది.

"నేనస్త మేడం," అన్నాడు లింబాద్రి. "అబద్ధం నాది. నేనే మింగుత. పంపిస్తే పంపిస్తరు. మా ఇంటిది దుబాయ్ చాలు, రా రా అని ఎప్పటి సందో అంటున్నది. ఆమెకు ఖతర్‌ గూడ దుబాయే." నర్సింగ్ వైపు చూడకుండా అన్నాడు. "బావా, నువ్వు గడ్డం గీసుకో. రేపు ఆఫీసుల గిట్ల కనవడితే నిజంగనే పారిపోయినోడనుకుంటరు."

నర్సింగ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. గురువారం నుంచి మొదటిసారి ఊపిరి పొట్ట దాకా దిగింది. రేపు చెబితే అయిపోతుంది. నెలంతా తను ఎక్కడున్నాడో సైటు గేటే సాక్ష్యం చెబుతుంది. కొత్త కంపెనీ ఫోర్‌మన్‌ జాకెట్ ఏ రంగో కూడా టెస్టు నాడు చూసి వచ్చాడు.

"కార్లో నేను దింపుతాను," అన్నాడు సిద్ధార్థ్ తనలో తను అనుకున్నట్టు. "ట్యాక్సీలో ఎందుకు?"

అప్పుడే లింబాద్రి ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి నిటారుగా కూర్చున్నాడు. "చిరంజీవి." వేలు పెదవి మీద పెట్టుకుని స్పీకర్ నొక్కాడు.

"లింబాద్రీ, ఏడున్నవ్‌రా!" చిరంజీవి గొంతు ఏడుస్తున్నట్టుంది. "సైటుకెల్లి ఫోన్ అచ్చింది. నర్సింగ్ పడ్డడురా!"

హాల్లో నలుగురు నర్సింగ్ వైపు చూశారు. నర్సింగ్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎవలు పడ్డరు?" అన్నాడు లింబాద్రి.

"నర్సింగ్! మన నర్సింగ్! స్లాబు మీది నుంచి పడ్డడట. తలకు తాకిందట. సోయి లేదట. కార్డు మీద పేరు చూసి నాకు చెప్పిన్రు. అంబులెన్సుల తీసుకపోయిన్రు. నేను ఆసుపత్రికి పోతున్న, నువ్వు సీదా ఆన్నే రా. ఊర్ల వాని ఇంటామె పుష్పకు గూడ నేనే ఫోన్ చేసి చెప్పిన. ఆమెకు నోట్లె మాట రాలేదురా..."

లైన్ తెగింది.

నర్సింగ్ లింబాద్రి చొక్కా పట్టుకున్నాడు. "నా కార్డు ఎవనికిచ్చినవ్‌రా?"

"నిన్న శుక్రారం, ఎట్లన్నా సెలవే. ఇయ్యాల ఒక్కనాడు నీది ఆబ్సెంట్ పడద్దని..." లింబాద్రి మాటలు ముక్కలవుతున్నాయి. "కమాలుద్దీన్. కొత్తగ అచ్చిండు గద, మన మంచాల కింద పక్కేసుకున్నోడు. ఇంక ఐడీ రాలేదు, పని లేక ఊకె కూసున్నడు. రూముల నువ్వు ఇడిసిన కార్డు ఇచ్చి నేనే పొమ్మన్న బావా. కార్డు కొట్టి మూలకు కూసో, పని ముట్టద్దు అని చెప్పిన. దేవుని తోడు, పని ముట్టద్దనే చెప్పిన."

చరిత నెమ్మదిగా సోఫా అంచు మీద కూర్చుంది. రేపటి సాక్ష్యం కూలిపోవడం ఆమెకే ముందు కనిపించింది. గేటు ఇక నర్సింగ్ తరఫున ఏమీ చెప్పలేదు. ఇవాళ్టి హాజరు అబద్ధమైతే నెల హాజరూ అబద్ధమే అంటారు. అంతకన్నా పెద్ద సంగతి వెంటనే తట్టింది.

"ఆసుపత్రిలో ఆ పేరుతో రికార్డు తీస్తారు," అంది. "మీ రక్తం గ్రూపు, మీ బీపీ, మీ మందులు, మీకు పడనివి. వాటిని చూసి అతనికి వైద్యం చేస్తారు. అతని సొంత పేరు అక్కడ ఎవరికీ తెలీదు."

"ఇప్పుడే వెళ్ళి చెప్పాలి," అన్నాడు సిద్ధార్థ్. తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"చెబితే నర్సింగ్ గారు ఎక్కడున్నారో చెప్పాలి. మన ఇంట్లో అని చెప్పాలి."

"తెలుసు చరితా. కానీ..." సిద్ధార్థ్ గొంతు ఆ రోజు మొదటిసారి పైకి లేచింది. "అవతల ఒక మనిషి వేరేవాడి రక్తం మీద బతుకుతున్నాడు!"

వంటగది గట్టు మీద నర్సింగ్ ఫోన్ వణుకుతూ జరిగింది. ప్రమీల అది చేతిలోకి తీసుకుని, పేరు చూసి, రెండు చేతులతో తెచ్చి తమ్ముడికి ఇచ్చింది.

పుష్ప.

"ఎత్తండి," అన్నాడు సిద్ధార్థ్.

"ఎత్తకండి," అంది చరిత, అదే క్షణంలో. "ఒక్క నిమిషం ఆలోచిద్దాం. ఆమె అరిచిందంటే చిరంజీవికి తెలుస్తుంది, ఊరంతా..."

నర్సింగ్ ఇద్దరి మాటా విన్నాడు. ఎవరిది సరైందో తెలియలేదు. మోగి మోగి ఆగిపోతే ఊళ్ళో ఇంట్లో పుష్ప ఏం చేసుకుంటుందో అన్న ఒక్క ఆలోచన మిగిలింది. బొటనవేలు దానంతట అది జరిగింది. ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

అవతల ఏడుపులు. ఎవరో ఎవరినో ఊరుకోబెడుతున్నారు. వాటి మధ్య నుంచి పుష్ప గొంతు, గట్టిగా బిగబట్టుకున్నది, చాలా మర్యాదగా వచ్చింది.

"అన్నా, ఎవలు మాట్లాడుతున్నరు? రూమోళ్ళా? నేను నర్సింగ్ ఇంటామెను. నన్ను ఏడ్పియ్యద్దని అబద్ధం చెప్పకున్రి, మీ కాళ్ళు మొక్కుత." ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. "ఒక్క మాట చెప్పు అన్నా. మనిషున్నడా?"